గోడ దాటు తరంగము

చెన్నకేశవస్వామి కొలువైన మాచర్లలో గడియ వేయక నిద్రించు గృహస్థు అరుదు. వైఫై తరంగము గోడనే దాటిపోవును. దానికి గడియ సంకేతపదమే. 2008 జూలైలో అహమ్మదాబాదు పేలుళ్ళకు కొద్ది నిమిషముల ముందు వెడలిన బెదిరింపు ఈమెయిలు నవీముంబయిలోని ఒక ఇంటి వైఫై ద్వారా పోయినది. అది తాళము లేని వైఫై. పంపినవారు వేరు; పోలీసులు తొక్కిన గుమ్మము ఆ గృహస్థునిది!

రౌటరుతో వచ్చిన సంకేతపదములను తొలినాడే మార్చవలెను. మనుమని పేరు పెట్టువారు పెక్కురు. ఆ పేరు వీధి యంతటికిని తెలియును గదా! వెప్ అను పాత పద్ధతి 2001 నాటికే ఛేదింపబడినది. డబ్ల్యూపీఏ2 గాని, 2018లో వెలువడిన డబ్ల్యూపీఏ3 గాని ఎంచుకొనవలెను. బంధువులకు గెస్ట్ నెట్‌వర్కు చాలును. వసారాలో మంచము వేసినవారు లోగది తాళము ఇత్తురా? రౌటరులో కనబడు ఫోన్ల పట్టికను, అడంగలు చూచినట్లు, నెలకొకమారు సరిచూడవలెను. తెలియని పేరున్నచో సంకేతపదము నాడే మార్చవలెను.