అరబ్బుల వంశక్రమము

మన పల్లెలలో పెండ్లిమాట వచ్చినపుడు పెద్దలు ముందుగా నడుగునవి యింటిపేరును గోత్రమును. పూర్వము అరబ్బుదేశపు టెడారిలో నిరువురు కలిసికొన్నను మొదటిప్రశ్న యట్టిదే: "నీదే తెగ?" అది కేవలము మర్యాదప్రశ్న కాదు. ఒకడు హత్య చేసినచో నెత్తురు వెలగా నీయవలసిన యొంటెలను వాని దాయాదులందఱు కూడి చెల్లింపవలెను. కావున తాతతండ్రుల పేర్లు కంఠస్థము చేయనివానికి అచట బ్రతుకు కష్టము.

అరబ్బు వంశజ్ఞులు తమ జాతిని రెండు కొమ్మలుగా జెప్పుదురు. దక్షిణమున యెమెనువారికి మూలపురుషుడు కహ్తాను. ఉత్తరపువారికి మూలపురుషుడు ఇబ్రాహీము కుమారుడగు ఇస్మాయీలు సంతతివాడైన అద్నాను. మహమ్మదు ప్రవక్త పుట్టిన ఖురేషు తెగ యీ రెండవ కొమ్మలోనిది. కూఫా పట్టణమువాడగు హిషాము ఇబ్నుల్ కల్బీ యను పండితుడు తొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో మరణించెను. ఈ వంశములన్నిటిని ఆయన పెద్దగ్రంథముగా కూర్చెను.

ఇందులో నాకు మిక్కిలి వింతగా దోచినది కుదాఆ తెగల కథ. వీరు అద్నాను బిడ్డలని కొందఱు, కహ్తాను వంశపు హిమ్యరు బిడ్డలని కొందఱు వాదించిరి. తాత యెట్లు మాఱును? క్రీ.శ. 634 మొదలు 644 వఱకు ఖలీఫాగా నుండిన ఉమరు, తెగల వారీగా పట్టిక వ్రాయించి భరణము లిప్పించెను. అది మొదలు వంశమునకు వెలయు గలిగెను. పిదప 684లో, దమస్కు చెంత మర్జ్ రాహితు కడ, ఖలీఫా పదవికై ఘోరయుద్ధము జరిగెను. కుదాఆలోని కల్బు తెగ మర్వాను పక్షమున నిలిచి గెలిచెను; అద్నాను కొమ్మకు జెందిన కైసు తెగలు ఓడెను. అంత నెత్తురు పాఱిన పిదప కైసువారితో నొకే తాతను బంచుకొన నెవరికి మనసొప్పును? దక్షిణపు తెగల యండయు కావలసివచ్చెను. కుదాఆవారిలో పలువురు యెమెను వంశమునే తమదిగా చాటుకొనిరి.

ఇబ్ను ఖల్దూను (1332–1406) యను చరిత్రకారుడు దీనిని దాపఱికము లేక చెప్పెను. వంశమను మాట చాలవఱకు ఊహయేనట. మనుష్యులను గట్టియుంచు బంధమే దాని ప్రయోజనమట.

హైదరాబాదులోని బార్కసు పేటలో, నిజాము సైన్యమున కొలువునకై హద్రమౌతునుండి వచ్చిన అరబ్బుల సంతతివా రున్నారు. అచట నొక వృద్ధుని మీరెవరని యడిగితిని. ఆయన తెగపేరు చెప్పి, వ్రేళ్లు మడచుచు నేడుగురు తాతలను లెక్కించి, యెనిమిదవ పేరు తోపక, లోపలనున్న తమ్ముని కేక వేసెను.