గంగ బాట: నక్షాలో ఒక చుక్కల గీత

(డిసెంబర్ 17, పెన్షనర్ల దినోత్సవం నాడు జగిత్యాలలో చేసిన ప్రసంగ పాఠం)



నకారా కేసు గురించి ఇంతకుముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. పెన్షన్ భిక్ష కాదు, హక్కు అని సుప్రీంకోర్టు 1982లో ఇదే రోజున చెప్పింది. దానిమీద నేను కొత్తగా చెప్పగలిగేది లేదు. డి.ఏ. బకాయిల మీద చెప్పవలసింది చాలా ఉన్నది గాని, అది మొదలుపెడితే భోజనాలు చల్లారుతాయి. కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం 'నడక – ఆరోగ్యం'. నడిస్తే షుగరు తగ్గుతుందని డాక్టర్లు మనకు ప్రతి నెలా చెబుతూనే ఉన్నారు. అందుకని వారి అనుమతితో అంశాన్ని కొంచెం పక్కకు జరిపి, నడవడానికి బాట ఉన్నదా లేదా అనే సంగతి మాట్లాడుతాను.

1967 గోదావరి పుష్కరాలకు నాకు పదహారేండ్లు. మా ఊరి నుండి ధర్మపురికి ఆరు కోసుల దూరం. బస్సు ఉన్నది గాని మా నాయన బస్సెక్కలేదు. గంగకు పోవాలంటే నడిచే పోవాలన్నది ఆయన లెక్క. మన దిక్కు గోదావరిని గోదావరి అని ఎవరన్నారు? గంగ అనే కదా. సద్ది మూట కట్టుకొని తెల్లవారుజామున బయలుదేరాము. వాగు దాటాము, మక్క చేన్ల నడుమ పోయాము, రెండు ఊర్ల పొలిమేరలు దాటాము. ఎక్కడా ఒక్క బోర్డు లేదు. నేను భయపడి "బాట తప్పితే ఎట్ల?" అంటే ఆయన "బాట మనది గాదు, మన తాతలది. వాళ్ళ అడుగులల్ల నడువు, తప్పదు" అన్నాడు. మధ్యాహ్నానికి ఇసుక కనిపించింది. స్నానం చేసి, లక్ష్మీనరసింహస్వామిని, రామలింగేశ్వరుని, యమధర్మరాజును దర్శనం చేసుకొని రాత్రి గుడి ముందటనే పడుకున్నాము. ధర్మపురికి పోయినవానికి యమపురి ఉండదని సామెత. నాయన ఆ సామెత చెబుతూనే నిద్రపోయాడు.

ఆ తర్వాత చాలా ఏండ్లు నేను బాటల గురించి ఆలోచించలేదు. ఉద్యోగమంతా కాగితాల మీద నడిచాను.

2019లో మా చిన్నవాడు మమ్మల్ని ఇంగ్లండుకు తీసుకపోయాడు. వాడు బ్రిస్టల్‌లో పనిచేస్తున్నాడు. మీలో చాలామంది పిల్లల దగ్గరికి పోయి వచ్చినవారే, అక్కడ మన పరిస్థితి మీకు తెలుసు. వాళ్ళు డ్యూటీకి పోతే మనం కిటికీ దగ్గర కూర్చోవాలి. ఒక ఆదివారం వాడు కారులో వై అనే నది లోయకు తీసుకపోయాడు. ఆ నది కొంత దూరం ఇంగ్లండుకు, వేల్స్‌కు సరిహద్దు. ఒడ్డున టింటర్న్ అనే చోట పెద్ద మఠం ఉన్నది. 1131లో కట్టడం మొదలుపెట్టారట. 1536లో ఎనిమిదవ హెన్రీ రాజు కాలంలో దానిని మూసివేశారు. పైకప్పు లేదు, గోడలు, కమానులు మిగిలాయి. లోపల గడ్డి మొలిచింది. వర్షం పడుతుంటే ఆ కమానుల కింద నిలబడ్డాము. మన కోటిలింగాల మట్టిదిబ్బ గుర్తుకు వచ్చింది నాకు.

అయితే నన్ను ఆపింది మఠం కాదు. దాని నుండి నది వెంట పోయే కాలిబాట. ఒక రైతు గోధుమ చేను నడుమ నుండి పోతున్నది. చేను ఏపుగా ఉన్నది, నడుమ మాత్రం గీత గీసినట్టు మనిషి నడిచే జాగా వదిలిపెట్టాడు. కంచె వచ్చిన చోట ఎక్కి దిగడానికి చెక్కమెట్లు. మొదట్లో చిన్న కర్ర పాతి, దానిమీద 'ప్రజల కాలిబాట' అని వాళ్ళ భాషలో రాసి బాణం గుర్తు పెట్టారు. దారిలో ఒక ఊరి చర్చి. తలుపు తాళం లేదు, లోపల మనిషి లేడు. మా ఆవిడ చెప్పులు బయట విడిచి పోయింది. మావాడు నవ్వాడు గాని ఆమె చేసింది తప్పని నేననుకోలేదు.

ఆ రైతు ఎందుకు వదిలిపెట్టాడని అడిగాను. మావాడు ఫోనులో చూసి చెప్పాడు. వాళ్ళకు 1949లో ఒక చట్టం వచ్చింది. ఇంగ్లండులో, వేల్స్‌లో ప్రతి జిల్లా యంత్రాంగం తన పరిధిలోని కాలిబాటలన్నీ పటం మీద ఎక్కించాలి. పటం ఎక్కిన బాట ప్రజలకు హక్కు అయినట్టే. తర్వాత 1990లో ఇంకొకటి వచ్చింది. చేను నడుమ పోయే బాటను రైతు దున్నుకోవచ్చు గాని, విత్తనానికి దున్నితే పద్నాలుగు రోజుల లోపల తిరిగి బాట చేసి ఇవ్వాలి, కనీసం ఒక మీటరు వెడల్పు ఉండాలి.

పద్నాలుగు రోజులు అనే మాట విని నేను మావాని మొహం చూడలేకపోయాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను. ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పలేదు.

1976 ప్రాంతంలో నేను ఒక తాలూకా ఆఫీసులో గుమాస్తాను. ఆఫీసు పేరు, ఊరి పేరు చెప్పను. గోదావరి ఒడ్డున ఒక పల్లె నుండి అర్జీ వచ్చింది. గంగకు పోయే బాటను ఒకాయన దున్ని చెలకలో కలుపుకున్నాడని, స్నానానికి, శవాల సాగనంపుకు తొవ్వ లేదని. కింద రెండు సంతకాలు, మిగిలినవన్నీ వేలిముద్రలు. మా చప్రాసీ ఆ కాగితాన్ని నా ట్రేలో అన్నిటికంటె పైన పెట్టి, "సార్, అది మా ఊరిదే" అన్నాడు. "చూస్త లే" అన్నాను.

ఏం చూశాను? కిందినుండి వచ్చిన రిపోర్టులో 'రాకపోకలకు వేరే మార్గం కలదు' అని ఉన్నది. దానిని ఎత్తి నోటు రాశాను, కాగితం ఎల్.డిస్. అయింది. ఎల్.డిస్. అంటే ఏమిటో ఇక్కడున్న మీకు వేరే చెప్పనక్కరలేదు. గ్రామ నక్షా నా కుర్చీ వెనుక బీరువాలోనే ఉన్నది. లేచి రెండడుగులు వేస్తే చేతికి వచ్చేది. లేవలేదు. నామీద ఎవరి ఒత్తిడీ లేదు, ఎవరి దగ్గరా చాయ కూడా తాగలేదు. పని తొందరగా తెమలాలని మాత్రమే అట్లా చేశాను.

1991లో ఆ చప్రాసీ చనిపోయాడు. మా ఆఫీసువాళ్ళం నలుగురం పోయాము. ఊరి చివరి నుండి గంగ కనిపిస్తూనే ఉన్నది. పాడె అటు పోలేదు. ముళ్ళకంచె దగ్గర మళ్ళి, రోడ్డు పట్టుకొని, చుట్టు తిరిగి రెండు మైళ్ళు నడిచాము. ఎండకు మోసేవాళ్ళు మూడుసార్లు భుజాలు మార్చుకున్నారు. 'వేరే మార్గం కలదు' అని నేను రాసిన మార్గం అదే. నా పక్కన నడుస్తున్న ముసలాయన తనంతట తానే అన్నాడు: "అర్జి పెట్టినం సారూ. ఆఫీసుల అందిందో లేదో." నేను జవాబు చెప్పలేదు. ఆ చప్రాసీ ఆ తర్వాత కూడా ఎన్నో ఏండ్లు నాకు చాయ తెచ్చి ఇచ్చాడు, ఒక్కనాడు ఆ మాట ఎత్తలేదు.

ఇంగ్లండు నుండి వచ్చినాక ఆ గ్రామం నక్షా నకలుకు దరఖాస్తు పెట్టి తీసుకున్నాను. కొత్త పిల్లలకు తెలియదు గాని మనకు తెలుసు, చుక్కల గీతలు జంటగా ఉంటే బండ్లబాట, ఒంటిగా ఉంటే కాలిబాట. ఒంటి గీత ఊరి నుండి గంగ దాకా ఉన్నది, స్పష్టంగా.

ఇక మన నది దగ్గరికి వస్తాను. ధర్మపురిలో మొదలుపెట్టి గంగ వెంట కిందికి పోతే, టింటర్న్ లోయకు ఏ విధంగానూ తీసిపోని నడక మనకు ఉన్నది. ఇక్కడ గోదావరి దక్షిణముఖంగా తిరుగుతుంది. శేషప్ప కవి నరసింహ శతకం చెప్పింది ఈ స్వామి మీదనే. బ్రహ్మపుష్కరిణి చూసుకొని బయలుదేరితే రాయపట్నం వస్తుంది. వంతెన దాటితే గూడెం గుట్ట మీద సత్యనారాయణస్వామి. ఇంకా ముందుకు పోతే లక్సెట్టిపేటలో మిషనరీల నాటి చర్చి. చర్చి అంటే మనవాళ్ళకు మెదక్ ఒక్కటే గుర్తుకు వస్తుంది. అది గొప్పదే, కరువు రోజులలో పని కల్పించి పదేండ్లు కట్టి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభించారు. అయితే గంగ అవతల మన పక్కనే ఉన్న చర్చిని మనలో ఎందరు చూశారు? నేనే డెబ్బై దాటినాక చూశాను.

వంతెన దాటకుండా ఇవతలి ఒడ్డునే పోతే వెల్గటూర్ దిక్కున పెద్దవాగు గంగలో కలిసే చోట కోటిలింగాల. కోటేశ్వరస్వామి గుడి ఒడ్డునే ఉన్నది. అక్కడి దిబ్బలో శాతవాహనుల మొదటి రాజు సిముకుని నాణేలు దొరికాయి. ఆయనకంటె ముందు ఏలిన గోబద, నారన వంటి రాజుల నాణేలు కూడా దొరికాయి. రెండువేల ఏండ్ల కిందట ఇక్కడ నగరం ఉన్నదంటే, దానికి బాటలు లేకుండా ఉంటాయా? వర్తకులు ఆకాశంలో రాలేదు కదా.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, దాచను. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు 20 టి.ఎం.సి.లది. దాని వెనుకనీళ్ళు కోటిలింగాల దాకా వచ్చాయి. చెగ్యాం, తాళ్ళకొత్తపేట వంటి ఊర్లు ముంపుకు పోయాయి. దిబ్బ కూడా కొంత నీళ్ళ పాలయింది. ఆ నీళ్ళు అవసరమైనవే, కాదనను. నీళ్ళ కింద పోయిన బాటను ఎవరూ తేలేరు. నేను అడిగేది నీళ్ళు రాకుండానే పోయిన బాటల గురించి.

ధరణి 2020లో వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. అదే 2025లో నక్షా లేని 413 గ్రామాలలో నుండి ఐదింటిని ప్రయోగాత్మక సర్వేకు తీసుకున్నారు. వాటిలో మన బీర్‌పూర్ మండలం కొమ్మనాపల్లి ఒకటి. కొత్త కొలత జరిగినప్పుడు సర్వేయరు భూమి మీద కనిపించింది రాస్తాడు. దున్నేసిన బాట ఆయనకు కనిపించదు. ఇదిగో ఇక్కడ ఉండేదని చూపించే మనిషి కావాలి. ఆ మనిషి వయసు మనది. ఇంకొక పదేండ్లు పోతే ఎవరు చూపిస్తారు? 2027లో మళ్ళీ పుష్కరాలు. బస్సులలో వచ్చేవాళ్ళకు ఘాట్లు కడతారు. నడిచి వచ్చేవానికి బాట ఉన్నదా అని మనం కాకపోతే ఎవరు అడుగుతారు?

మన సంఘంలో సర్వేయర్లున్నారు, గిర్దావర్లున్నారు, టీపన్ చదవగలిగినవాళ్ళున్నారు. సిరిసిల్ల మిత్రులు మానేరు ఒడ్డున ఇదే పని చేయవచ్చు, అక్కడి ఊర్ల సంగతి నాకంటె వారికే బాగా తెలుసు. మూడు గ్రామాల నక్షాలు నా దగ్గర ఉన్నాయి. నడిచి, మూసిన చోట సర్వే నెంబరు రాసుకుందాం. ఎవరితోనూ పంచాయితీ పెట్టుకోవద్దు, రైతును దొంగ అనవద్దు. చాలామంది తెలియక కొన్నవాళ్ళే. రాసుకున్నది నకళ్ళు తీసి సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకుందాం. రసీదు విలువ మనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మొదటి అర్జీ నేను నోటు రాసి మూసిన ఆ బాట గురించే. కింద సంతకం నాదే ఉంటుంది.

వచ్చే నెల రెండవ ఆదివారం ఉదయం ఆరు గంటలకు ధర్మపురి బస్టాండు దగ్గర కలుద్దాం. చేతికర్ర, టోపీ, మంచినీళ్ళ సీసా ఎవరివి వారే తెచ్చుకోవాలి. షుగరు ఉన్నవాళ్ళు జేబులో రెండు బిస్కెట్లు పెట్టుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవారు రాయపట్నం దాకా బస్సులో వచ్చి అక్కడ కలవవచ్చు. పేర్లు కార్యదర్శి గారి దగ్గర రాయించండి. సద్ది నేను తెస్తాను.