కొండ వాగు పచ్చ తూనీగ, మన చేలో సూది తూనీగ

(గుడివాడ దగ్గర ఒక పల్లెలో జరిగిన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర మీదో, కౌలు కార్డుల మీదో, శివారు భూములకు అందని కాలువ నీళ్ల మీదో మాట్లాడతానని మీరంతా అనుకుని ఉంటారు. వాటి మీద మాట్లాడేవాళ్లు నా వెనక ఉన్నారు. నాకిచ్చిన పావుగంటా తూనీగల మీద వాడుకుంటాను. నవ్వకండి, చివరికి మన మందుల అప్పు దగ్గరికే వస్తాను.

కిందటేడు చలికాలంలో కొందరం కలిసి రంపచోడవరం దాటి మారేడుమిల్లి వైపు వెళ్లాం. దారిలో ఒక వాగు దగ్గర ఆగాం. నీళ్లు రాళ్ల మీద గలగలా పారుతున్నాయి. ఎండపడ్డ బండ మీద నల్లగా, సన్నగా ఏదో వాలి ఉంది. చూస్తూండగానే రెక్క విప్పింది. ఒక్కసారి పచ్చగా మెరిసింది. రాగి బిందె తోమి ఎండలో పెడితే ఎలా మెరుస్తుందో ఆ మెరుపు, రంగు మాత్రం పచ్చ. మాతో వచ్చిన నాగాయలంక కుర్రాడు వెంటనే, ‘బాబాయ్, మన దివిసీమలో ఇవి మందుల వల్లే పోయాయి కదూ’ అన్నాడు.

వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను.

ముందు పురుగును గుర్తుపట్టాలి. పెద్ద తూనీగ వాలినప్పుడు రెక్కలు రెండువైపులా పరిచి ఉంచుతుంది. దాని కళ్లు తలంతా కప్పేస్తాయి. సూది తూనీగ ఎక్కువగా రెక్కలు వీపు మీదికి మూసుకుని కూర్చుంటుంది. దాని కళ్లు కావడిబద్దకు చెరో చివర కుండలు కట్టినట్టు ఎడంగా ఉంటాయి. మన చేలో ఉండే సూది తూనీగల రెక్క మొదట్లో కాడలాగా సన్నగా ఉంటుంది. కొండ వాగు పచ్చ తూనీగకు మొదలు నుంచే వెడల్పు. ఇది కూడా సూది తూనీగల కులమే గానీ రెక్కలో తేడా ఉంది.

అందులో మగదానికి ఒళ్లంతా లోహం మెరుపు పచ్చ. వెనక రెక్కల పైభాగం అదే పచ్చ, చివర ముదురు నలుపు. అడుగుభాగం ముదురు రంగు, అందుకే మూసుకుని కూర్చుంటే నల్లగా కనబడుతుంది. ముందు రెక్కలు పలచగా, అద్దంలా ఉంటాయి. ఆడదాని రెక్కలు తేనె రంగు, వెనక రెక్క నడుమ చిన్న తెల్ల చుక్క. ఆ చుక్క చూసుకుంటే పొరపాటు రాదు. శాస్త్రజ్ఞులు దీన్ని న్యూరోబేసిస్ చైనెన్సిస్ అంటారు. 1758లో లిన్నేయస్ పేరు పెట్టాడు. పేరులో చైనా ఉన్నా మన కొండల్లోనూ బతికేదే.

దీన్ని పోలిన ఇంకొకటుంది. ఒళ్లు పచ్చగా మెరుస్తుంది గానీ నాలుగు రెక్కలూ అద్దంలా ఉంటాయి. ఒక రకానికి మాత్రం రెక్కల కొసల్లో నలుపు. అది ఎండలో బండ మీదకన్నా నీడలో, వాగు పక్క పొదల్లో ఎక్కువ కనబడుతుంది. ఒంటి రంగు చూసి తొందరపడకుండా రెక్కలు చూడాలి, ఎక్కడ వాలిందో చూడాలి.

ఇక కుర్రాడి ప్రశ్న. ఆ పురుగుకు పారే నీళ్లు కావాలి, రాయి కావాలి, చెట్ల నీడ కావాలి. దాని పిల్ల నీళ్లలోనే పెరుగుతుంది. బందరు కాలువ కింద మనకున్నది ఒండ్రు, బురద, నెమ్మదిగా కదిలే నీరు, దాని మీద గుర్రపుడెక్క. అలాంటి నీళ్లలో అది ఉండదు. మందులు పోగొట్టాయని చెప్పేస్తే చప్పట్లు పడతాయి. కానీ అబద్ధం. ఒక అబద్ధం దొరికితే మన పది నిజాల్నీ ఎవరూ నమ్మరు.

మరి మందులు పోగొట్టేవి ఏవి? మన చేలోనివే. గట్టున గడ్డిలో పసుపుపచ్చ ఒంటితో ఒకటి ఉంటుంది, పిల్లలందరికీ తెలుసు. ఇంకొకటి చాలా చిన్నది. ఛాతీ పచ్చగా, మగదానికి తోక చివర నారింజ రంగు. పనిగట్టుకుని వంగి చూస్తే తప్ప కనబడదు. పెద్ద తూనీగలు చేను మీద ఎగిరేవాటిని పట్టుకుంటాయి. ఈ చిన్నది దుబ్బుల మధ్యకే దూరి తిరుగుతుంది. సుడిదోమ ఉండేది ఎక్కడ? దుబ్బు మొదట్లో, నీళ్లకు పైన. అక్కడికి వెళ్లి దోమను తినేది ఇదే. దీనికి తోడు సాలీళ్లు, దోమ గుడ్లు పీల్చే మిరిడ్ నల్లి ఉన్నాయి. తూనీగ ఉంటే చాలు దోమే రాదని నేననను. అది దోమనే కాదు, దొరికిన చిన్న పురుగునల్లా తింటుంది.

నా సంగతి చెబుతాను. ఒక సార్వాలో సాంబ మసూరి వేశాను. దోమకు తట్టుకోలేని రకమని తెలిసీ ధర కోసం వేశాను. నాటిన నెలకే ఆకు మీద ఏదో గీత కనబడిందని కొట్టువాడి దగ్గరికి పోతే రెండు మందులు కలిపి ఇచ్చాడు, అప్పు రాసుకున్నాడు. కొట్టాను. మళ్లీ కొట్టాను. పొట్ట దశకు చేను నడుమ చాపంత సుడి పడింది, వారానికి కళ్లమంత అయ్యింది. తినే పురుగును మందు చంపింది, గుడ్లలోంచి మళ్లీ దోమ లేచింది. ఆ ఏడు మా చేలో చిన్న తూనీగను చూసిన గుర్తే లేదు. వెతకాలన్న బుద్ధీ అప్పుడు లేదనుకోండి. కౌలు పోను నాకు మిగిలింది గడ్డి.

ఇలా దెబ్బతిన్నది మనమొక్కరమే కాదు. ఇండోనేషియాలో దోమ విరుచుకుపడితే 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది. మందుల మీద ఇచ్చే రాయితీలూ తరువాత ఎత్తేసింది. 1989 నుంచి రైతుల్ని చేలోనే కూర్చోబెట్టి పురుగుల్ని గుర్తుపట్టడం నేర్పింది. మన పొలంబడి ఆ దారిలో వచ్చిందే. అయితే మన దగ్గర పొలంబడి బోర్డు ఉన్నన్ని చోట్ల చేలోకి దిగి పురుగు చూపించే మనిషి లేడు. ఆ మనిషి కావాలని మనం అడగాలి, అర్జీలో రాయాలి.

అడుగుతూనే మన పని మనం చేసుకుందాం. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదలండి. దోమ కనబడితే నీళ్లు తీసి చేను ఆరబెట్టండి. గుళికలు చల్లేముందు నీళ్లలో తూనీగ పిల్లలున్నాయని గుర్తు తెచ్చుకోండి. దోమకు తట్టుకునే ఎంటీయూ 1061 లాంటి మారుటేరు రకాలు ఉన్నాయి, కొనేవాడు ఏ ధర ఇస్తాడో ముందే కనుక్కుని వేయండి.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి కాలువ గట్టు పక్క చేలో దిగుదాం. మంచు ఆరకముందు తూనీగలు బద్ధకంగా ఉంటాయి, దగ్గరికి పోయి చూడొచ్చు. దుబ్బు మొదలు తట్టి దోమలెన్నో, తూనీగలెన్నో, సాలీళ్లెన్నో మూడూ వేర్వేరుగా లెక్కరాద్దాం. పుస్తకం, పెన్సిలు మీరే తెచ్చుకోండి. పిల్లల్ని తీసుకురండి, మనకంటే వాళ్ల కళ్లు నయం.