మన వీధి చిట్టా



2024 సెప్టెంబరు 1, ఆదివారం. బెజవాడ వాళ్లు మరిచిపోలేని రోజు. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగింది. కింది వాటాల వాళ్లు పిల్లల్ని చంకనేసుకుని డాబాలెక్కారు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. చంటిపిల్లలకు పాలు లేవు.

ముఖ్యమంత్రి చంద్రబాబు కలెక్టరేట్‌లోనే మకాం వేశారు. డ్రోన్లతో ఆహారం పంపారు. బుడమేరు గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. నాయకుడు దగ్గరుంటే పని కదులుతుంది, నిజమే. కానీ ఏ సందులో బాలింత ఉంది, ఏ ఇంట్లో మంచం దిగలేని తాత ఉన్నాడు? అది పక్కింటి వాళ్లకే తెలుస్తుంది.

బుడమేరు నీళ్లు కొల్లేరు సరస్సు చేరాలి. ఆక్రమణలతో ఆ దారి ఇరుకైపోయింది. వాటిని తీయించడం ప్రభుత్వం పని. అయితే పేదలకు వేరే చోటు చూపించకుండా ఇళ్లు కూల్చితే అది న్యాయం కాదు. ఇక కాలువలో చెత్త సంచి విసరకుండా ఉండటం మన పని. పూడిక తీశారా అని వార్డు సచివాలయంలో అడగడమూ మన పనే. వానలకు ముందే అడగాలండీ, మునిగాక కాదు.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ వీధిలో చంటిపిల్లలు, గర్భిణులు, నడవలేని పెద్దలు ఉన్న ఇళ్లు ఒక కాగితం మీద రాయండి. పక్కనే ఫోన్ నంబర్లు రాయండి. ఒక కాపీ సచివాలయంలో ఇవ్వండి. మరొకటి పై అంతస్తు ఉన్న ఇంట్లో ఉంచండి.

ఆ కాగితం మీద పిల్లల సహాయ నంబరు కూడా రాసుకోండి: 1098. మరోసారి చెబుతున్నాను. పది, తొమ్మిది, ఎనిమిది.