వాన వెలిసిన తరువాత



'ఎమర్జెన్సీ' అన్న మాట చెవిని పడితే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి 1975 గుర్తుకొస్తుంది. ఆ ఏడు జూన్ 25న మొదలై 1977 మార్చి 21 దాకా సాగిన రోజులవి. అందుకే ఎక్కడైనా సరే, "ఎమర్జెన్సీని పొడిగించారు" అని వినగానే, "అయ్యో, మళ్ళీ ఏం వచ్చిపడిందమ్మా!" అనుకుంటాం. కాని ఈ మాటకి ఇంకో అర్థం ఉంది. అది జైళ్ళకి సంబంధించింది కాదు, కూలిన రోడ్డుకీ నానిన గోడకీ సంబంధించింది. ఇవాళ ఆ సంగతి చెప్పుకుందాం.

మనలో ఎందరి పిల్లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కాపురాలున్నారు. అక్కడ వానలు మనకిలాగా ఆషాఢ శ్రావణాల్లో పడవు. మనం సంక్రాంతి ముగ్గులు పెట్టుకునే చలికాలమే వాళ్ళకి వానాకాలం. పసిఫిక్ సముద్రం మీదనుంచి నీటి ఆవిరి పొడవాటి పాయలాగా ఆకాశంలో ప్రవహిస్తూ వచ్చి తీరం మీద కుమ్మరిస్తుంది. దాన్ని 'వాతావరణ నది' అంటారు. 2022 డిసెంబరు చివరనుంచి 2023 జనవరి మధ్య వరకు, మూడు వారాల్లో, అలాంటివి తొమ్మిది వచ్చిపడ్డాయి. జనవరి 5న కాపిటోలా అనే చిన్న ఊళ్ళో సముద్రంలోకి కట్టిన చెక్క రేవును అలలు మధ్యకి విరిచేశాయి. మార్చి 10 అర్ధరాత్రి వేళ పాహరో నది కట్ట తెగి, ఆ పేరే గల ఊరిని ముంచేసింది. సుమారు 3 వేల జనాభా. స్ట్రాబెరీ తోటల్లో కూలికి పోయేవాళ్ళే ఎక్కువ. 1949 నాటి ఆ కట్ట 1995లోనూ ఒకసారి తెగింది.

ఇలాంటప్పుడు అక్కడ ఊరి ప్రభుత్వమే, అంటే మన మునిసిపాలిటీ, జిల్లా పరిషత్తు లాంటివే, 'స్థానిక ఎమర్జెన్సీ' ప్రకటించుకుంటాయి. అధికారి ఒక్కడే ప్రకటిస్తే, 7 రోజుల్లోగా పాలకసభ ఒప్పుకోవాలి. లేకపోతే అది రద్దు. ఒప్పుకున్నాక కూడా 60 రోజులకి ఒకసారైనా సభ కూర్చుని, "ఇది ఇంకా అవసరమేనా?" అని చూసుకోవాలి. అవసరం తీరగానే ఎత్తెయ్యాలి. చట్టమే అలా చెబుతుంది.

"వాన వెలిసిందిగా, ఇంకా పొడిగింపు దేనికి?" అంటారేమో. ఇల్లు నడిపే మనకి ఎవరైనా చెప్పాలా? వాన ఒక్కరాత్రిలో వెలుస్తుంది, గోడ చెమ్మ నెలలు ఉంటుంది. బియ్యం ఆరబెట్టడం, పరుపులు ఎండేయడం, పిల్లల జ్వరాలు, ఇవన్నీ ఎండ వచ్చాకే మొదలవుతాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఒక్కరోజు పనే, ఊళ్ళు తిరిగి లేవడానికి ఏళ్ళు పట్టింది. కాపిటోలా రేవు మళ్ళీ జనానికి తెరిచింది 2024 సెప్టెంబరులో. అంటే 20 నెలలు!

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. అధ్యక్షుడు పెద్ద విపత్తుగా ప్రకటించిన చోట, రోడ్లూ వంతెనల మరమ్మతుకి నూటికి 75 వంతులు మామూలుగా కేంద్రం ఇస్తుంది. మిగిలిన 25లో ముప్పాతిక వరకు రాష్ట్రం భరించవచ్చు. అప్పుడు ఊరి నెత్తిన పడేది నూటికి 6 పావు మాత్రమే. కాని రాష్ట్రం వాటా రావాలంటే విపత్తు జరిగిన 10 రోజుల్లోగా స్థానిక ఎమర్జెన్సీ ప్రకటించి ఉండాలి. పైగా చాలా పనులకి ముందు ఊరే ఖర్చుపెట్టి, బిల్లులు చూపించి తరవాత రాబట్టుకోవాలి. చీటీ పోతే డబ్బు పోయినట్టే.

అయితే ఇందులో జాగ్రత్త పడాల్సిన సంగతీ ఉంది. అత్యవసరం పేరుతో టెండర్లు లేకుండా పనులు అప్పగించే వీలుంటుంది. తాళంచెవి ఎవరి చేతికైనా ఇస్తే, అప్పుడప్పుడు పెట్టె తెరిచి చూసుకోవద్దూ? ఆ 60 రోజుల గడువు అందుకే. సభ బహిరంగంగా జరుగుతుంది, ఊళ్ళోవాళ్ళెవరైనా లేచి మాట్లాడవచ్చు. మన రాజ్యాంగంలోనూ 1978లో చేసిన 44వ సవరణ తరవాత, దేశవ్యాప్త ఎమర్జెన్సీకి నెలలోగా పార్లమెంటు ఆమోదం, ఆపైన ఆరేసి నెలలకొకసారి మళ్ళీ ఆమోదం ఉండాలి. అడిగేవాళ్ళుంటేనే అధికారం అదుపులో ఉంటుందని రెండుచోట్లా తెలుసుకున్నారు.

అడగకపోతే నష్టపోయేది నోరులేనివాళ్ళే. పాహరోలో సరైన కాగితాలు లేని కూలీ కుటుంబాలకి కేంద్రం ఇచ్చే సాయానికి అర్హత లేకపోయింది. 2023లో రాష్ట్రం ఆ ఊరికోసం విడిగా 2 కోట్ల డాలర్లు కేటాయించాల్సి వచ్చింది.

కాబట్టి చెల్లెళ్ళూ, మన ఊరైనా మన పిల్లలుండే ఊరైనా, వరద తీశాక బురద కడగడానికి ముందే గోడలూ సామాన్లూ ఫొటో తీసి ఉంచండి. కొన్న ప్రతి వస్తువుకీ రసీదు దాచండి. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు మీ పేరే కాదు, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి గుడిసె కూడా రాసుకున్నారో లేదో అడగండి. 'పొడిగించారు' అన్న వార్త వింటే కంగారుపడకండి. ఎందుకు పొడిగించారు, ఎంతవరకు, ఆ గడువులో ఏ పని పూర్తిచేస్తారు అని మాత్రం తప్పకుండా అడగండి.

సెలవు.