ఆక్రిలిక్ రంగులు: గోడ నేర్పు పాఠములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ ఉత్సవమున రంగులను గూర్చి ప్రసంగమేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. మన శంషాబాదు ప్రాంతమున రంగులపని నేడు అందరికిని సంబంధించినదైనది. 2008 మార్చి 23న ఇచ్చటి విమానాశ్రయమునుండి ప్రయాణికుల విమానములు నడువసాగిన పిమ్మట, పొలములున్న తావులలో ఇండ్లు, దుకాణములు, విద్యాలయములు లేచినవి. లేచిన ప్రతి గోడయు రంగు కోరును. బోర్డులు వ్రాసి జీవించిన చిత్రకారులలో పలువురికి ఫ్లెక్సీలు వచ్చిన తరువాత పని తగ్గిపోయినది. బడిగోడపై అక్షరమాల, అంగన్‌వాడీ గోడపై పండ్లు, పక్షులు వ్రాయుట మాత్రము నేటికిని వారి చేతిలో మిగిలియున్నది. ఊరివారు చందాలు వేసికొని వ్రాయించిన బొమ్మ ఒక్క వానకాలమునకే పొరలుగా ఊడిపోయినచో, ధనము వ్యర్థమగుటయే గాక, ఆ చిత్రకారునికి మరుసటి పని దొరకదు. "రంగు మంచిది కాదు" అని అందరును అందురు. పెక్కుచోట్ల దోషము రంగులో నుండదు, రంగు అడుగున నుండును. నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

ఏ రంగునందైనను రెండు వస్తువులు ప్రధానము: వన్నెనిచ్చు పొడి, ఆ పొడిని పట్టియుంచు బంక. మన పెద్దలు సున్నములో తుమ్మబంక కలిపి గోడలకు పూసినది ఇందులకే. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డపై గంజి, సుద్దమట్టి, చింతగింజల బంక చేర్చి పూతపూసి, అది బాగుగా ఆరిన పిదపనే దానిపై కథను చిత్రింతురు. అడుగుపూత చక్కగా కుదరనిది వారు కుంచె పట్టరు. ఆక్రిలిక్ రంగునకును ఇదే ధర్మము. బంక మాత్రమే క్రొత్తది. జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు ఆటో రోమ్ 1901లో ఈ జాతి పదార్థములపై పరిశోధన వ్యాసము వ్రాసెను. నీటితో కలుపదగిన ఆక్రిలిక్ రంగులు 1955 ప్రాంతమున అమెరికాలో చిత్రకారులకు లభించెను.

ఈ రంగును పాలతో పోల్చవచ్చును. పాలలో వెన్నకణములు తేలుచున్నట్లు, ఇందు బంకకణములు నీటిలో తేలుచుండును. నీరు ఆవిరియైనప్పుడు ఆ కణములు ఒకదానినొకటి హత్తుకొని పొరగా నేర్పడును. తోడుకొన్న పెరుగు మరల పాలు కానట్లే, ఆరిన ఆక్రిలిక్ మరల నీటిలో కరుగదు. దాని బలమును, దానితో వచ్చు చిక్కులును ఈ గుణమునుండియే పుట్టినవి.

మొదటి చిక్కు త్వరగా ఆరిపోవుట. మన వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటిన దినములలో, కుంచె గోడకు చేరకమునుపే రంగు గట్టిపడుచుండును. కావున ఉదయమున గాని సాయంకాలమున గాని, గోడపై నీడ యున్నప్పుడు పని చేయవలెను. డబ్బాలోని రంగునంతయు ఒక్కసారి తీయక, కావలసినంత పళ్ళెములో వేసికొని, పళ్ళెము అడుగున తడిగుడ్డ పరచి దానిపై నూనెకాగితము వేసి రంగు నుంచినచో చాలసేపు నిలుచును. డబ్బా మూతను వెంటనే మూయవలెను. కుంచెను నీటిలో ఉంచవలెనే గాని, వెండ్రుకలపై నిలువబెట్టరాదు. పని ముగిసిన క్షణముననే సబ్బుతో కడుగవలెను. మరునాడు కడుగుదమన్న కుంచె మరునాటికి పుల్లయై యుండును.

రెండవది, ఆరిన పిమ్మట వన్నె ముదురుట. తడిగా నున్నప్పుడు బంక పాలవలె తెల్లగా నుండి రంగును లేతగా చూపును. ఆరినప్పుడు బంక పారదర్శకమగుటచే రంగు ముదురును. ఒక చిన్న అట్టపై పూసి, ఆరనిచ్చి, చూచిన పిదపనే గోడకు పూయవలెను. పసుపు, ఎరుపు వన్నెలలో కొన్ని క్రింది మచ్చలను కప్పజాలవు. వానికి ముందుగా తెల్లపూత వేసినచో రెండు పూతలతో పని తీరును. లేనిచో ఐదు పూతలైనను తీరదు.

మూడవది, పొదుపుకై నీరు అధికముగా కలుపుట. నీరు హెచ్చినకొలది బంక పలుచనగును. ఆరిన పిమ్మట గోడను చేతితో తాకినచో రంగుపొడి చేతికంటును. పలుచని వన్నె కావలసినప్పుడు, నీటికి బదులు దుకాణములలో దొరకు ఆక్రిలిక్ మీడియమును కలుపుట మేలు. ఇది వన్నెలేని బంకయే. ఒకే పర్యాయము మందముగా పూసినచో పైభాగము ముందుగా ఆరి పగుళ్ళు పుట్టును. పలుచని పూతలు రెండు మూడు, ఒకటి ఆరిన తరువాత మరియొకటి వేయవలెను.

నాల్గవది అన్నింటికంటె పెద్దది: ఊడిపోవుట. దీనికి కారణములు మూడు. పాత సున్నము పొడిగా రాలుచున్న గోడపై రంగు వేసినచో, రంగు సున్నమును పట్టుకొనును గాని సున్నము గోడను పట్టుకొనదు. సున్నమును గీకివేసి, కడిగి, ఆరనిచ్చి, ప్రైమరు పూయవలెను. ఎనామిల్ పూత నున్నగా నుండును గనుక దానిపై ఆక్రిలిక్ నిలువదు. గరుకు కాగితముతో రుద్ది మెరుపు పోగొట్టవలెను. పాత ఎనామిల్ పూతలలో సీసము ఉండవచ్చును. ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరు 1నుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. కావున తడిపి రుద్దుట, మాస్కు ధరించుట, పిల్లలను దూరముగా నుంచుట మరువరాదు. మూడవ కారణము చెమ్మ. క్రొత్త సిమెంటుగోడ కనీసము 28 దినములు ఆరవలెను. గోడపై తెల్లని ఉప్పు తేలుచున్నచో లోపల నీరు కదలుచున్నదని అర్థము. పైకప్పు కారుటను, పునాది తేమను సవరింపక ఎంత విలువైన రంగు పూసినను లాభము లేదు.

గోడ సిద్ధమైనదా లేదా యని తెలియుటకు సులభోపాయ మొకటి కలదు. మూలన జానెడు మేర రంగు పూసి, మూడునాలుగు దినములు ఆరనిచ్చి, దానిపై టేపు ముక్కను గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగి చూడవలెను. టేపుతో రంగు వచ్చినచో ఆ గోడ ఇంకను బొమ్మకు తగినది కాదు.

గుడ్డపై చిత్రించువారికి ఒక హెచ్చరిక. ఆరిన ఆక్రిలిక్ పొర వేడికి కొంత మెత్తబడును. చిత్రములను చుట్టచుట్టి పెట్టెలో నుంచినచో వేసవిలో ఒకదాని కొకటి అంటుకొనవచ్చును. నడుమ నూనెకాగితముంచి, బొమ్మ వెలుపలివైపున ఉండునట్లు వదులుగా చుట్టవలెను. కుంచెలు కడిగిన నీరు చెరువులోనికి, కాలువలోనికి పోరాదు. అందులోని బంక ఒకవిధమగు ప్లాస్టిక్కే. ఆ నీటిని పాతబకెట్టులో నిలువనిచ్చి, ఎండిన మడ్డిని చెత్తలో వేయవలెను.

మన గ్రంథాలయపు వెలుపలి గోడపై చిత్రము వ్రాయించు సంకల్పము కలదని వింటిని. సంతోషము. ఆ గోడపై పాత సున్నమున్నది. వర్షములు వెడలి గోడ ఆరిన పిమ్మటనే పని ఆరంభింపుడు. అంతకంటె ముఖ్యముగా ఒక మాట మనవి చేయుచున్నాను. మనము సాధారణముగా బొమ్మకు వెల కట్టుదుము. గోడ గీకిన దినములకు, ప్రైమరు ఆరువరకు నిరీక్షించిన దినములకు కూలి ఇయ్యము. అందువలన బీద చిత్రకారుడు గోడను సిద్ధపరచకయే కుంచె పట్టవలసివచ్చును. అపకీర్తి మాత్రము అతనికే దక్కును. ఈసారి చందాల లెక్కలో ఆ దినముల కూలిని మొదటి పద్దుగా వ్రాయుడు. అట్లు చేసినచో బొమ్మయు నిలుచును, బొమ్మ వ్రాసినవాని పేరును నిలుచును.