పార్కులో పిల్లలకొక గంట
(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన మిత్రులు కరువుభత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించీ చక్కగా చెప్పారు. వారికి పడినన్ని చప్పట్లు నాకు పడవని తెలుసు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో, పెన్షను ప్రభుత్వం దయదలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని చెప్పింది కాబట్టే మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. నేను ఇవాళ ఇంకొకరి హక్కు గురించి రెండు మాటలు మనవి చేస్తాను. వారికి సంఘం లేదు, చందా పుస్తకం లేదు, మెమొరాండం రాయడం అసలే రాదు. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా చదివే పిల్లలు వారు.

నేను 32 ఏళ్ళు డ్రిల్లు మేష్టారుగా పనిచేశాను. అంతా హైస్కూళ్ళలోనే. ఎలిమెంటరీ స్కూలుకు ఆ పోస్టు ఉండదు కదా. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న చోట పిల్లలు 100కి మించితే వ్యాయామవిద్యకు పార్ట్‌టైము బోధకుడుండాలని ఉంది. ఒకటి నుంచి అయిదు వరకు ఆ మాట లేదు. స్థలం రాశారు గాని ఆడించే మనిషిని రాయలేదన్నమాట. మన కాలనీ పక్క బడిలో ఆ స్థలం కూడా అదనపు గదులకు పోయింది. గదులు కావలసినవే, నేను కాదనను. మిగిలిన జాగాలో కంకర గుట్ట ఉంది. అందుకని బడి వదలగానే ఆ పిల్లలు వచ్చేది మన పార్కుకే. గేటు దగ్గర బోర్డు ఉంది: ఇచ్చట ఆటలు ఆడరాదు.

ఆ బోర్డు ఎందుకొచ్చిందో మనకందరికీ తెలుసు. క్రికెట్టు బంతి తగిలి మన సభ్యులొకరు పడిపోయారు. తుంటి ఎముక విరిగి ఆరు నెలలు మంచం మీదున్నారు. 70 దాటినవారికి అది చిన్న సంగతి కాదు. భయపడి బోర్డు పెట్టించినవారిని నేనేమీ అనను. అయితే ఆ బంతి కొట్టింది కాలేజీ కుర్రవాళ్ళు. బోర్డు చదివి ఆగిపోయింది ఆరేళ్ళ పిల్లలు. కాలేజీ కుర్రవాళ్ళు రాత్రి ఎనిమిది దాటాక లైట్ల కింద ఆడుకుంటూనే ఉన్నారు!

పిల్లలు ఆడకపోతే కొంప మునుగుతుందా అని అడిగేవారున్నారు. 5 నుంచి 17 ఏళ్ళవారికి సగటున రోజుకు 60 నిమిషాలు ఒంటికి చెమటపట్టే శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. అది తెలిసిన విషయమే. నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించినది కళ్ళ సంగతి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలలను తీసుకుని, సగం బళ్ళలో ఒకటో తరగతి పిల్లలను రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయటకు పంపారు. మూడేళ్ళ తర్వాత చూస్తే, మామూలు బళ్ళలో 100కి 39.5 మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. బయట తిప్పిన బళ్ళలో 30.4 మందికే వచ్చింది. 2015లో ఈ ఫలితాలు ప్రచురించారు. చెట్టునీడలోనైనా పగటి వెలుతురు గదిలో ట్యూబులైటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎదిగే కంటికి ఆ వెలుతురు కావాలి. మన మనవల ముక్కుల మీద కళ్ళజోళ్ళు ఎప్పుడెక్కాయో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇక ఏ ఆటలు, ఎలా ఆడించాలి? నా ఉద్యోగమంతా దీంతోనే గడిచింది కనుక కొంచెం ఎక్కువసేపు చెబుతాను, అధ్యక్షులవారు గంట కొట్టకూడదు.

చిన్నపిల్లల ఆటలో నేను మొదట చూసేది ఎవడు గెలిచాడని కాదు, ఎంతమంది ఊరికే నిలబడ్డారని. 30 మందిని ఒకే వరుసలో నిలబెట్టి పరుగు పెట్టించారనుకోండి. ఒక్కొక్కడికి 20 సెకన్లు పడితే మళ్ళీ తన వంతు రావడానికి 10 నిమిషాలు. ఆరు వరుసలు చేస్తే 100 సెకన్లకొకసారి వంతు వస్తుంది. అదే మైదానం, అదే పిల్లలు. 'అవుటు' సంగతీ ఇంతే. ముందు అవుటయ్యేది ఎవరు? బొద్దుగా ఉన్నవాడు, నీరసంగా ఉన్నవాడు. ఎక్కువ పరుగెత్తవలసినవాడే ఎక్కువసేపు కూర్చుంటాడు. అందుకని ముట్టుకునే ఆటల్లో నేను అవుటు తీసేసి గొలుసు పెట్టేవాణ్ణి. దొరికినవాడు దొంగ చెయ్యి పట్టుకుని వాడితోపాటు పరుగెత్తాలి. గొలుసు పెరిగేకొద్దీ ఆట రంజుగా ఉంటుంది, గట్టున ఒక్కడూ మిగలడు.

ఒకటి, రెండు తరగతులవారికి ఒకే నియమం ఉన్న ఆట చాలు. నేలా-బండా మంచి ఆట. దొంగ నేల మీద, మిగతావారు బండల మీద. దిగితే ముట్టుకుంటాడు. దిగాలా వద్దా అని ఆ పిల్లవాడు పడే ఆలోచన చూడముచ్చటగా ఉంటుంది. నాలుగు స్తంభాలాటకు నాలుగు చెట్లు చాలు, పార్కులో వేపచెట్లున్నాయి. తొక్కుడుబిళ్ళను ఆడపిల్లల ఆటని తీసెయ్యకండి. ఒంటికాలి మీద గెంతుతూ గీత తొక్కకుండా బిళ్ళను నెట్టమని మొగపిల్లలకు చెప్పి చూడండి, తెలుస్తుంది.

నాలుగు, అయిదు తరగతులవారికి ఏడుపెంకులాట, ఖో-ఖో. పెంకులాటకు బంతి గుడ్డపీలికలతో చుట్టి పురికొస కట్టినదే ఉండాలి. అది వీపున తగిలినా దెబ్బ తగలదు, పార్కు దాటి పోదు, ఖర్చు లేదు. ఖో-ఖోలో ఎనిమిదిమంది కూర్చుంటారు కదా, మీరేమో కూర్చోపెట్టకూడదంటున్నారే అని ఎవరైనా అడగవచ్చు. ఆ కూర్చోవడం వేరు. వీపు మీద చెయ్యి పడీపడగానే లేచి దూకవలసిన కూర్చోవడం అది. పెద్దల ఆటలో 9 నిమిషాలుండే తరుమును పిల్లలకు మూడు నిమిషాలు చేస్తే చాలు. 2025 జనవరిలో ఢిల్లీలో ఖో-ఖోకు ప్రపంచకప్పే జరిగింది, మన పురుషులూ స్త్రీలూ ఇద్దరూ గెలిచారు. ఆ మాట చెబితే పిల్లలకు హుషారు. కబడ్డీ మాత్రం మెత్తటి మట్టి ఉంటేనే. సిమెంటు మీద వద్దు. కర్రాబిళ్ళ, తెలంగాణ మిత్రులు చిర్రగోనె అంటారే, నాకు ప్రాణం. అయినా గుంపులో ఆడించను. ఎగిరే బిళ్ళకు కన్ను, పన్ను తేడా తెలియదు.

జట్లు విడదీయడంలో మన పాత పద్ధతికి మించినది లేదు. ఈ రోజుల్లో ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి ఎంచుకోమంటారు. ఆఖరున మిగిలిన పిల్లవాడి ముఖం చూడలేం. మన చిన్నతనంలో సమానమైన ఇద్దరు ఉజ్జీ కట్టి, పక్కకు వెళ్ళి ఒకరు సూర్యుడని, ఒకరు చంద్రుడని గుట్టుగా పేర్లు పెట్టుకుని వచ్చేవారు. నీకు సూర్యుడు కావాలా, చంద్రుడు కావాలా అంటే నాయకుడు పేరు కోరుకునేవాడు, మనిషిని కాదు. జట్లు సమానంగా వచ్చేవి, ఎవరూ వద్దనిపించుకునేవారు కాదు. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గాని వారికి దండం పెట్టాలి.

ఇంకొకరున్నారు. చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని గట్టున నిలబడి చూసే ఎనిమిదేళ్ళ పిల్ల. ఆ పిల్లను ఆటలోకి రమ్మంటే తమ్ముణ్ణి ఏం చెయ్యమంటారు? సోదరీమణులు ఇద్దరు ముగ్గురు బెంచీ మీద కూర్చుని ఆ పసివాళ్ళను ఎత్తుకుంటే చాలు. అది డ్రిల్లు మేష్టరు చెయ్యగలిగినది కాదు.

ఇప్పుడు ఈ సభ ముందు నా కోరిక. కాలనీ కమిటీలో ఏడుగురు సభ్యులుంటే అందులో అయిదుగురు మన సంఘంవారే. బోర్డు మనం తీయించగలం. పూర్తిగా తీయించమని నేను అడగను. సాయంత్రం నాలుగున్నర నుంచి అయిదున్నర వరకు నడుమ గడ్డి జాగా అయిదో తరగతి లోపు పిల్లలకు, చుట్టూ బాట నడిచేవారికి. మధ్య ఒక తాడు కట్టిద్దాం. గట్టి బంతి, బ్యాటు ఆ గంటలో లోపలికి రాకూడదు. రోజుకు ఇద్దరు సభ్యులు ఉండాలి. మీరు పరుగెత్తనక్కరలేదు. ఆటకు ముందు గాజుపెంకులు, ముళ్ళు ఉన్నాయేమో చూడాలి, తాగడానికి నీళ్ళు పెట్టాలి, విజిలు ఊదాలి. మోకాళ్ళ నొప్పులవారికి కుర్చీ వేయిస్తాం.

అప్పట్లో పడిపోయిన మన మిత్రులు ఇక్కడే ఉన్నారు. నిన్న వారి ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పాను. గుడ్డబంతి చేతిలో పెడితే నొక్కి చూశారు. తాడుకు అవతల తమ బెంచీ తమకుండాలన్నారు. ఉంటుందని మాట ఇచ్చాను. తీర్మానానికి వారు వోటు వేస్తారో లేదో ఇంకా చెప్పలేదు, వారి ఇష్టం.

తీర్మానం ప్రతి కార్యదర్శిగారి దగ్గరుంది. పక్కనే పేర్లు రాసే పుస్తకం కూడా పెట్టారు. సోమవారం నా వంతుగా రాసేశాను. మిగతా అయిదు రోజులు ఖాళీగా ఉన్నాయి, ఆదివారం సెలవు. భోజనాలకు లేచేలోపు దయచేసి చూడండి. సెలవు.